పనితనానికి సాక్షి ఎవరు?

ఆస్ట్రేలియాకు నైపుణ్య వలస వీసా మీద వెళ్లదలచిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి వీసాకు దరఖాస్తు పెట్టే ముందే ఒక పరీక్ష దాటాలి. పేరుకు పరీక్షే గానీ అందులో ప్రశ్నపత్రం ఉండదు, అభ్యర్థి చేత ఒక్క లైను కోడ్ కూడా రాయించరు. 1966లో ఏర్పడిన ఆస్ట్రేలియన్ కంప్యూటర్ సొసైటీ అనే వృత్తి సంఘం (అందరి నోటా ఏసీఎస్) అతను పంపిన కాగితాలు చదివి, చెప్పుకుంటున్న వృత్తికి తగినవాడా కాదా అని తేలుస్తుంది. తగినవాడే అన్న ఫలితం చేతిలో ఉంటేనే 189, 190, 491 తరగతుల వీసాలకు పిలుపు అందుకునే వీలుంటుంది. దీన్నే స్కిల్ అసెస్‌మెంట్ అంటారు.

ఫీజులు, గడువులు, ఫారాల లెక్కన చూస్తే ఇదంతా ఆఫీసు వ్యవహారమే. కాస్త లోపలికి దిగితే మాత్రం తత్వవేత్తలు రెండువేల ఏళ్లకు పైగా కొట్టుకుంటున్న ప్రశ్న ఎదురవుతుంది. ఒకరి చేతిలో ఉన్న విద్య మరొకరికి ఎలా తెలుస్తుంది? కళ్లతో చూడకుండా, మూడో మనిషి రాసిచ్చిన మాట మీద తెలుసుకున్నది జ్ఞానమా, ఉత్త నమ్మకమా?

గ్రీకుల్లో ఈ చిక్కును సూటిగా పట్టుకున్నవాడు ప్లేటో. ఆయన రాసిన ‘కార్మిడీస్’ సంభాషణలో సోక్రటీస్ ఒక మెలిక పెడతాడు. వైద్యం రానివాడు అసలు వైద్యుణ్నీ, వైద్యుడి వేషం వేసినవాణ్నీ విడదీసి చెప్పగలడా? ఎదుటివాడికి ఏదో తెలుసునని చెప్పగలడేమో గానీ, తెలిసింది వైద్యమేనని చెప్పాలంటే చెప్పేవాడికీ వైద్యం వచ్చి ఉండాలి. అంటే పనివాణ్ని పనివాడే గుర్తుపట్టాలి. ఆస్ట్రేలియా ప్రభుత్వం ఈ పనిని వలస శాఖ ఉద్యోగుల చేతిలో ఉంచుకోకుండా వృత్తి సంఘాలకు అప్పగించడంలోని తర్కం ఇదే. ఇంజనీర్లను ఇంజనీర్ల సంఘం, కంప్యూటర్ వాళ్లను కంప్యూటర్ వాళ్ల సంఘం తూకం వేస్తాయి. కానీ సోక్రటీస్ మెలిక ఒక మెట్టు కిందికి జరిగిందే తప్ప విడిపోలేదు. సంఘంలో కాగితాలు చూసేవారికి కంప్యూటర్ విద్య తెలుసు. వారి ఎదుట ఉన్నది మాత్రం అభ్యర్థి కాదు, అభ్యర్థి గురించి ఎవరో రాసిన ఉత్తరం.

ఎలక్ట్రీషియన్ వంటి చేతిపనుల వారి దగ్గర ఆస్ట్రేలియా కాగితాలతో సరిపెట్టుకోదు. నిపుణులు ఇంటర్వ్యూ చేసి, అవసరమైతే పని చేసి చూపించమంటారు. తెలుగువారికి బాగా తెలిసిన మరో ఉదాహరణ కూడా ఉంది. వీసా పాయింట్ల పట్టికలో 5 పాయింట్లు తెచ్చిపెట్టే సీసీఎల్ అనే భాషా పరీక్షను తెలుగులోనూ రాయవచ్చు. రాయడమంటే మాట వరసకే. అభ్యర్థి రెండు సంభాషణలు విని, ఇంగ్లిషు మాటను తెలుగులోకి, తెలుగు మాటను ఇంగ్లిషులోకి అప్పటికప్పుడు నోటితో మార్చి చెప్పాలి. ఆ నేర్పు నేరుగా చెవికి అందుతుంది, దానికి ఎవరి సిఫారసూ అక్కర్లేదు. అభ్యర్థికి అన్నం పెడుతున్న విద్యకు మాత్రం ఈ భాగ్యం లేదు. నెలల తరబడి, పదిమంది మధ్య, ఒకరు రాసింది మరొకరు దిద్దుతూ సాగే సాఫ్ట్‌వేర్ పనిని గంటసేపు ఎదురుగా కూర్చోబెట్టి చూడడం కుదిరేది కాదు.

ప్రత్యక్షం దారి మూసుకుపోయిన చోట మన తార్కికులు చెప్పిన మిగతా దారులు చూడాలి. న్యాయ దర్శనం జ్ఞానానికి ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నాలుగు ప్రమాణాలు చెప్పింది. చివరిదైన శబ్దం అంటే నమ్మదగిన మనిషి మాట. అలాంటి మనిషిని ఆప్తుడన్నారు. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పేవాడే ఆప్తుడని 17వ శతాబ్దపు ఆంధ్రుడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో తేల్చేశాడు. సంప్రదాయ పద్ధతిలో తర్కం మొదలుపెట్టే విద్యార్థి చేతికి నేటికీ ముందుగా వచ్చేది ఆ చిన్న పుస్తకమే. అంతకు ఎన్నో శతాబ్దాల ముందు న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు ఇంకాస్త విప్పి చెప్పాడు. ఆప్తుడు విషయాన్ని స్వయంగా ఎరిగి ఉండాలి, ఎరిగింది ఎరిగినట్టు ఎదుటివాడికి అందించాలన్న కోరిక ఉండాలి. ఋషికైనా, ఆర్యుడికైనా, మ్లేచ్ఛుడికైనా ఈ లక్షణం ఒకటేనని కూడా అన్నాడు. ఆ కాలానికి ఇది తెగువ ఉన్న మాట. పుట్టుక, హోదా ఆప్తత్వానికి కొలతలు కావని దాని అర్థం.

ఈ కొలతను హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఒక కంపెనీ ఇచ్చే ఉత్తరానికి పెట్టి చూడాలి. ఏసీఎస్ కోరే ఉత్తరం కంపెనీ లెటర్‌హెడ్ మీద ఉండాలి. చేరిన తేదీ, మానిన తేదీ, ఫుల్‌టైమా పార్ట్‌టైమా, చేసిన పనుల వివరం, సంతకం చేసినవారి హోదా, వారిని సంప్రదించే దారి అందులో ఉండాలి. ఐటీ ఉద్యోగుల వాడుకలో ఇది ‘రోల్స్ అండ్ రెస్పాన్సిబిలిటీస్ లెటర్’. దీని మీద సంతకం పెట్టే అధికారం మామూలుగా హెచ్‌ఆర్‌ది. హెచ్‌ఆర్‌కు ఉద్యోగి జీతం తెలుసు, సెలవులు తెలుసు, ఏ రోజు చేరాడో తెలుసు. రాత్రి రెండింటికి ప్రొడక్షన్‌లో డేటాబేస్ పడిపోతే అతను దాన్ని ఎలా లేపాడో తెలియదు. అది తెలిసినవాడు టీమ్ లీడ్. లీడ్‌కేమో లెటర్‌హెడ్ వాడే హక్కు లేదు. ఎరిగినవాడికి ముద్ర లేదు, ముద్ర ఉన్నవాడికి ఎరుక లేదు.

చాలా కంపెనీలు రిలీవింగ్ లెటర్‌లో హోదా, తేదీలు తప్ప మరో ముక్క రాయవు. పనుల వివరం కావాలంటే పాలసీ ఒప్పుకోదంటాయి. అప్పుడు అభ్యర్థి పాత లీడ్‌నో, పక్క సీటు సహోద్యోగినో బతిమాలి, స్టాంప్ పేపర్ మీద అఫిడవిట్ టైప్ చేయించి, నోటరీ ముందు సంతకం పెట్టించుకుంటాడు. దానికి పేస్లిప్‌లు, ఫారం 16, బ్యాంకు స్టేట్‌మెంట్లు జతచేస్తాడు. కంపెనీ ఉత్తరం దొరకనప్పుడు ఏసీఎస్ కూడా ఈ దారిని ఒప్పుకుంటుంది. న్యాయ దర్శనం కొలత ప్రకారం ఇదే మేలైన సాక్ష్యం, ఎందుకంటే ఇది పనిని కళ్లారా చూసినవాడి మాట. అయినా దీన్ని గతిలేని దారిగా చూడడమే వాడుక. వాత్స్యాయనుడు చూస్తే వ్యవహారం తలకిందులైందనే అనేవాడు.

ఉత్తరం ఎవరు సంతకం చేసినా చిత్తుప్రతి రాసేది చాలాసార్లు అభ్యర్థే. ‘నువ్వే రాసి మెయిల్ చెయ్, చూసి సంతకం పెడతా’ అన్న మాట ఐటీ ఆఫీసుల్లో అందరూ విన్నదే. రాసేటప్పుడు అతని ఎదుట ఆంజ్‌స్కో అనే వృత్తుల పట్టిక తెరిచి ఉంటుంది. 2006లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ గణాంక సంస్థలు కలిసి వెలువరించిన ఆ పట్టికలో అనలిస్ట్ ప్రోగ్రామర్‌కు 261311, డెవలపర్ ప్రోగ్రామర్‌కు 261312, సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌కు 261313 అని అంకెలు వేశారు. నిజానికి ఒకే మనిషి సోమవారం ఒక అంకె కింది పని, గురువారం మరో అంకె కింది పని చేస్తుంటాడు. పట్టికకు సరిపడేలా అనుభవంలోంచి కొంత ఏరుకుని రాయడం అబద్ధం కాదు. ఏ ఉత్తరమైనా ఏరుకునే రాస్తుంది. పట్టికలోని వాక్యాలనే దించేస్తే మాత్రం ఆ ఉత్తరం మనిషి గురించి ఏమీ చెప్పదు, పట్టికలో ఏముందో పట్టిక చేసినవారికే తిరిగి చెబుతుంది.

శబ్దం విడిగా ఒక ప్రమాణమా అన్న విషయంలో దర్శనాల మధ్య గట్టి తగాదా ఉంది. చార్వాకులు ప్రత్యక్షం తప్ప మరొకటి ఒప్పుకోలేదు. మదింపు వాళ్ల చేతికి అప్పగిస్తే అభ్యర్థి సిడ్నీ వెళ్లి పని చేసి చూపించాలి, అలా వెళ్లడానికి ముందు వీసా కావాలి, కథ మళ్లీ మొదటికొస్తుంది. వైశేషికులు, దిఙ్నాగుడి బాటలోని బౌద్ధ తార్కికులు శబ్దాన్ని అనుమానంలో కలిపేశారు. అనుమానమంటే ఇక్కడ సందేహం కాదు, కనిపించే గుర్తును బట్టి కనిపించని విషయాన్ని రాబట్టడం. మాట తనంతట తాను ఏ సత్యాన్నీ అందించదనీ, చెప్పినవాడి విశ్వసనీయత అనే గుర్తును బట్టి వినేవాడే దాన్ని రాబట్టుకుంటాడనీ వాళ్ల వాదం.

ఏసీఎస్ పని తీరు న్యాయ దర్శనం వారైన నైయాయికుల కంటే వైశేషికులకే దగ్గర. ఉత్తరంలోని మాటను అది ఒంటరిగా నమ్మదు. ఉత్తరంలో తేదీ, పేస్లిప్‌లో నెల, పన్ను కాగితంలో ఏడాది ఒకదానితో ఒకటి పొసగితే, జీతం నిజంగా అందినట్టు ఆధారం ఉంటే, అప్పుడు ఉద్యోగం జరిగిందని రాబడుతుంది. ఇంతవరకూ తర్కం గట్టిదే. ఇక్కడి నుంచి నైపుణ్యం దాకా వెళ్లాలంటే మాత్రం మరో సంబంధం కావాలి. ఇన్నేళ్లు ఈ ఉద్యోగం చేసినవారికి ఈ నైపుణ్యం ఉండి తీరుతుందన్న నియమం రుజువు కావాలి. దీన్ని తార్కికులు వ్యాప్తి అన్నారు. పొగకూ నిప్పుకూ ఉన్న ఆ నియమం కుర్చీకీ పనితనానికీ లేదు. పదేళ్లు అదే సీట్లో ఉండి మొదటి ఏడాది నేర్చుకున్నదే పదిసార్లు చేసినవారు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. ఇలా ఒకచోట నిలిచి మరోచోట తప్పిపోయే హేతువును శాస్త్రం హేత్వాభాసల్లో చేర్చింది.

ఈ లోపం ఏసీఎస్‌కు తెలియక కాదు. అందుకే అనుభవంలో మొదటి కొన్నేళ్లను లెక్కలోంచి తీసేస్తుంది. చాలా ఏళ్లుగా నడిచిన పద్ధతి ప్రకారం, కంప్యూటర్ డిగ్రీ ఎంచుకున్న వృత్తికి దగ్గరగా ఉంటే రెండేళ్లు, కంప్యూటర్ డిగ్రీయే అయినా వృత్తికి దూరంగా ఉంటే నాలుగేళ్లు, మెకానికల్, సివిల్ వంటి వేరే చదువైతే ఆరేళ్లు, డిగ్రీయే లేకపోతే ఎనిమిదేళ్లు పోతాయి. ఆ కాలం నైపుణ్యం కుదురుకోవడానికి పట్టిన కాలం. దాని తరువాత చేసినదే నైపుణ్యంతో చేసిన పని.

2015 జూన్‌లో ఒకే టీమ్‌లో చేరిన ఇద్దరిని ఊహిస్తే సంగతి తేటపడుతుంది. ఒకరిది కంప్యూటర్ సైన్స్ బీటెక్, మరొకరిది మెకానికల్ బీటెక్. పక్కపక్క సీట్లు, ఒకే ప్రాజెక్టు, ఒకే జావా కోడ్. 2025 చివరికి మొదటివారికి 2017 జూన్ తరువాతి ఎనిమిదేళ్ల పైచిలుకు లెక్కకు వచ్చి 15 పాయింట్లు దక్కుతాయి. రెండోవారికి 2021 జూన్ తరువాతి నాలుగేళ్ల పైచిలుకే మిగిలి 5 పాయింట్లు వస్తాయి. కనీస హద్దు 65 పాయింట్లయినా పిలుపు రావడానికి అంతకంటే బాగా ఎక్కువ కావలసి వస్తున్న ఈ వృత్తుల్లో, పది పాయింట్లంటే ఒకరు వెళ్లడం, ఒకరు ఉండిపోవడం. మెకానికల్ చదివిన వ్యక్తి 2018లో రాసిన కోడ్ మంచిదో చెడ్డదో ఎవరూ చూడలేదు, అది నైపుణ్యం కిందికి రాదని మాత్రం తేలిపోయింది. రెండు తెలుగు రాష్ట్రాల కాలేజీల్లో సివిల్, మెకానికల్ చదివి, అమీర్‌పేటలో కోర్సు చేసి ఐటీలో స్థిరపడ్డవారు ఎందరో ఉన్నారు కాబట్టి ఈ నిబంధన మనవాళ్లకు గట్టిగానే తగులుతుంది.

నైపుణ్యం ఏ రోజున వచ్చిందని అడగడం, గింజ మీద గింజ వేస్తూ పోతే ఏ గింజతో కుప్ప అయిందని అడగడం లాంటిది. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దపు మిలేటస్ వాసి యూబులిడీస్ పేరుతో ఆ కుప్ప సమస్య ఇప్పటికీ తర్కం పాఠాల్లో ఉంది. గీత ఎక్కడ గీసినా దాని అటూ ఇటూ ఉన్నవాళ్ల మధ్య పెద్ద తేడా ఉండదు. గీయకపోతే వేల దరఖాస్తులు తేలవు. కాబట్టి గీత గీయడాన్ని తప్పుపట్టలేం. ఆ గీతను పాలనా సౌకర్యంగా కాక మనిషి యోగ్యత మీద తీర్పుగా చదువుకోవడమే పొరపాటు. అభ్యర్థులు, వారి ఇళ్లవాళ్లు అలాగే చదువుకుంటారు. ‘ఆరేళ్లు కొట్టేశారు’ అన్న మాటలో వినిపించే అవమానం అక్కడినుంచి వచ్చిందే.

వేరే డిగ్రీవారికీ, డిగ్రీ లేనివారికీ ఆర్‌పీఎల్ అనే అదనపు మెట్టు ఉంది. చేసిన ప్రాజెక్టుల్లోంచి రెండింటి గురించి అభ్యర్థి స్వయంగా రిపోర్టులు రాసి, పని చేస్తూ నేర్చుకున్నది చదువుకు సాటి అని చూపించాలి. చేయగలగడం వేరు, చెప్పగలగడం వేరని గిల్బర్ట్ రైల్ 1949లో అచ్చయిన ‘ద కాన్సెప్ట్ ఆఫ్ మైండ్’లో వాదించాడు. మనిషికి తెలిసిన దానిలో కొంత ఎన్నటికీ మాటల్లోకి రాదని మైకేల్ పొలాన్యీ 1966 నాటి ‘ద టాసిట్ డైమెన్షన్’లో చూపాడు. ఆర్‌పీఎల్ సరిగ్గా ఆ రానిదాన్నే రమ్మంటుంది. లాగ్ ఫైల్ ఒక్కసారి చూసి తప్పు ఎక్కడుందో పట్టేసే మనిషి, ఎలా పట్టావని అడిగితే నాలుగు వాక్యాలు కూర్చలేకపోవచ్చు. ఆ ఇబ్బంది మీద బతికే రిపోర్టు రచయితలు పుట్టుకొచ్చారు. ఏసీఎస్ కూడా రిపోర్టులను కాపీ పట్టే సాఫ్ట్‌వేర్‌తో తనిఖీ చేస్తుంది. పని నిజంగా చేసినవాడు రాత మాత్రం అరువు తెచ్చుకుంటే తప్పేమిటన్న వాదన తరచూ వినిపిస్తుంది. అది నిలవదు. రిపోర్టు వ్యాసరచన పోటీ కాదు, సాక్ష్యం. ఇంగ్లిషు తడబడినా సాక్ష్యం సాక్ష్యమే. చూడనివాడు రాసిన అందమైన సాక్ష్యం మాత్రం ఎవరిదీ కాదు.

రిపోర్టులోనూ ఉత్తరంలోనూ ఇంకొక చిక్కు, కర్త ఎవరన్నది. టీమ్ చేసింది కాదు, నువ్వు చేసింది చెప్పమంటారు. భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం ఏ కర్మకైనా ఐదు కారణాలు చెప్పింది. ఆశ్రయం, కర్త, సాధనాలు, రకరకాల ప్రయత్నాలు, ఐదోది దైవం. ఈ ఐదు ఉండగా తానొక్కడే కర్తననుకునేవాడు సరిగా చూడనివాడని కూడా అక్కడే ఉంది. సాఫ్ట్‌వేర్ చేసినవారికి ఇది వేదాంతంలా కాక రోజువారీ అనుభవంలా వినిపించాలి. వేరెవరో రాసిన లైబ్రరీలు, ముందటి టీమ్ వదిలిన కోడ్, టెస్టర్ పట్టిచ్చిన తప్పు, రిలీజ్ రోజు సర్వర్ నిలబడిన అదృష్టం, వీటి మధ్య ‘నేను చేశాను’ అని రాయడానికి చేయి ఆగాలి. అలాగని గీత కర్తను తుడిచేయలేదు, ఐదింటిలో ఒకటిగా లెక్కపెట్టింది. ఆ వంతును ఉన్నంత మేరకు చెప్పుకోవడం అహంకారం కాదు. పదిమంది కట్టిన పేమెంట్ సిస్టమ్‌లో రీఫండ్ భాగం తాను రాశానని చెప్పేవాడు సరైన సాక్షి. సిస్టమ్ మొత్తం డిజైన్ చేశానని రాసేవాడు అబద్ధమాడుతున్నాడు, ఏమీ చేయలేదని ముడుచుకునేవాడు కూడా నిజం చెప్పడం లేదు.

ఉత్తరాన్ని ముందు నమ్మి తరువాత శంకించాలా, శంకించి తరువాత నమ్మాలా? 7వ శతాబ్దపు కుమారిల భట్టు మొదటి పక్షం. జ్ఞానం పుట్టడంతోనే ప్రమాణమవుతుంది, దానికి అడ్డుపడే మరో జ్ఞానం ఎదురైతేనో, అది పుట్టిన మూలంలో దోషం బయటపడితేనో తప్ప దాన్ని కాదనకూడదన్నాడు. నైయాయికులు రెండో పక్షం. దూరాన కనిపించింది నీళ్లేనని దాహం తీరాకే ఖాయమవుతుందని, ఫలించిన ప్రవృత్తే జ్ఞానానికి రుజువని వాళ్ల మాట. ఆ లెక్కన స్కిల్ అసెస్‌మెంట్‌కు అసలు రుజువు మెల్‌బోర్న్‌లోనో పెర్త్‌లోనో దొరికే మొదటి ఉద్యోగంలో గానీ తేలదు. అక్కడ ఉద్యోగమిచ్చే కంపెనీలు ఏసీఎస్ ఫలితంతో తృప్తిపడవు, తమ ఇంటర్వ్యూ తాము చేసుకుంటాయి.

మిగిలింది దొంగ సాక్ష్యం సంగతి. ‘ఎక్స్‌పీరియన్స్ పెట్టుకోవడం’ అన్న మాట తెలుగు ఐటీ వాడుకలో ఎంత మామూలైపోయిందంటే, అందులో దొంగతనం ఉందన్న స్పృహ కూడా పోయింది. లేని కంపెనీ లెటర్‌హెడ్, చేయని ఏళ్లు, కొన్న పేస్లిప్‌లు దాని సరంజామా. దొరికితే ఆస్ట్రేలియా వీసా నిబంధన 4020 కింద మూడేళ్లు, గుర్తింపు పత్రాల్లో మోసమైతే పదేళ్లు దారి మూసుకుపోవచ్చు. ధర్మశాస్త్రాలు మామూలు అబద్ధాన్నీ తప్పుడు సాక్ష్యాన్నీ ఒకే గాటన కట్టలేదు. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం సాక్షుల మీద చాలా దూరం నడుస్తుంది. పది ఆజ్ఞల్లో పొరుగువాడి మీద అబద్ధ సాక్ష్యం చెప్పవద్దన్నది ఒకటి. సాక్ష్యం తమకే ఎదురు తిరిగినా దాని వైపే నిలబడాలని ఖురాన్ నాలుగో అధ్యాయం చెబుతుంది. ఇంత పట్టింపు ఎందుకో స్కిల్ అసెస్‌మెంట్‌లో బాగా కనిపిస్తుంది. ఎక్కడో దూరాన, ముఖం చూడని మనిషి కాగితం ఒక్కదాని మీద ఆధారపడి నిర్ణయం చేస్తున్నాడు. ప్రతి దొంగ ఉత్తరం అతని చూపులో నిజమైన ఉత్తరాల విలువ తగ్గిస్తుంది. తరువాతి ఏడాది వచ్చే నిజాయితీపరుణ్ని ఇంకో రెండు కాగితాలు అడుగుతారు. ఎక్స్‌పీరియన్స్ పెట్టుకున్నవాడు మోసం చేసేది ఆస్ట్రేలియా ప్రభుత్వాన్ని అనుకుంటాడు గానీ, ఆ మోసం ఖర్చు కట్టేది ఎక్కువగా సాటి తెలుగువాడే.

ఏసీఎస్ ఇచ్చే ఫలితానికి 24 నెలలే గడువు. ఆలోగా వీసాకు పిలుపు రాకపోతే అదే మనిషి, అదే పనికి ఫీజు కట్టి మళ్లీ సాక్ష్యం సమర్పించుకోవాలి.